నోరు తెరిచిన పిట్ట

రెల్లు కాడ మీద కూర్చుని పిట్ట నోరారా పాడుతోంది. ముక్కు ఆకాశం వైపు ఎత్తింది. గొంతు కింది ఈకలు ఉబ్బి వణుకుతున్నాయి. పాట ఊపుకి తోక కూడా అదురుతోంది. బైనాక్యులర్లోంచి నోటి లోపలి పసుపురంగు సైతం కనపడుతోంది. ఆమెకి మాత్రం ఒక్క ముక్క వినపడలేదు.

గుంటలో నీళ్ళు తోడే పంపు దడదడ వినపడుతోంది. రోడ్డు మీద లారీ గేరు మార్చిన చప్పుడు వినపడింది. నాలుగు బారల దూరంలో ప్రాణం పెట్టి పాడుతున్న గొంతు మాత్రం లేదు. టీవీలో సౌండు తీసేసినట్టుంది.

ఆమె మోచేతులు డొక్కలకి ఆనించుకుని, ఊపిరి బిగబట్టి, పిట్ట నోరు మూసేదాకా చూసింది. అది మూసింది, ఒక పురుగుని పట్టింది, మళ్ళీ తెరిచింది. మళ్ళీ నిశ్శబ్దమే.

"అయితే నువ్వు సూదిగొంతువే," అనుకుంది.

ఊరి చివర పాత ఇటుక బట్టీ తాలూకు గుంటలవి, రెండు. బట్టీ మూతపడ్డాక వాన నీళ్ళు చేరాయి, నీళ్ళ చుట్టూ రెల్లు లేచింది, రెల్లు వెనక ముళ్ళ పొదలు కమ్ముకున్నాయి. ఏటా వసంతంలో ఉత్తరానికి పోయే పిట్టలు రాత్రంతా ఎగిరి, తెల్లారేసరికి కింద ఎక్కడ పచ్చగా కనపడితే అక్కడ వాలతాయి. మేత మేసి, ఒళ్ళు కూడదీసుకుని, గాలి అనుకూలించిన రాత్రి లేచిపోతాయి. ఆ గుంటల దగ్గరే ఇప్పుడు పసుపుపచ్చ మిషన్లు రెండు నిలబెట్టి ఉన్నాయి. గోడౌన్లు కడతారట. రేపు పొద్దున్న రెల్లు కొట్టడం మొదలు.

సూదిగొంతు ఆ ప్రాంతంలో కనపడి చాలా ఏళ్ళయింది. అది పాడుతున్న చోటుని ఆ వసంతం గడిచేదాకా ఎవరూ ముట్టుకోకూడదని రూలు ఉంది. కానీ దానికో తిరకాసు. అన్ని గుంటల్లోనూ ఉండే మామూలు రెల్లుపిట్టా, ఈ సూదిగొంతూ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. అదే మట్టిరంగు, అదే చిన్న కనుబొమ్మ గీత. తేడా గొంతులోనే. రెల్లుపిట్ట కిరకిరమని, గరగరమని, పాత సైకిల్ చైన్లా గోల చేస్తుంది. సూదిగొంతు పాట మనిషి చెవికి అందే చివరి అంచున, దారప్పోగంత సన్నగా ఉంటుంది.

రెల్లుపిట్ట అంత దగ్గర పాడితే ఆమెకి వినపడి తీరాలి. ఆ గరగర ఆమెకింకా బాగానే అందుతుంది. వినపడలేదు కాబట్టే అది సూదిగొంతు. లెక్క తేలికే. కానీ ఆ లెక్క నలుగురికీ చెప్పాలంటే ముందు ఇంకో సంగతి చెప్పాలి. ఆ సంగతి ఆమె రెండేళ్ళుగా కట్టుకున్న మొగుడికి కూడా చెప్పలేదు.

పిట్టల గుంపులో అందరూ ఆమెని చెవులక్క అంటారు. చెవి డాక్టరు దగ్గర పనిచేస్తుంది కాబట్టి మొదట ఆ పేరు పెట్టారు. తరవాత ఆమె చెవులు చూసి అదే స్థిరపడిపోయింది. మిగతావాళ్ళు ఆకుల్లోకి కళ్ళు చికిలించుకుని వెతుకుతుంటే, ఆమె కళ్ళు మూసుకుని నిలబడి, "రెండున్నాయి, ఒకటి పిల్లది" అనేది. గుంపుకి పెద్ద అయిన మాస్టారు, డ్రాయింగు టీచరుగా రిటైరైనాయన, కొత్తగా చేరినవాళ్ళకి ఆమెని చూపించి, "మన సొత్తు" అని చెప్పేవాడు.

ఆస్పత్రిలో ఆమె పని వినికిడి పరీక్షలు. వచ్చినవాళ్ళని అద్దాల గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి మీట ఇస్తుంది. బయట మిషను దగ్గర కూర్చుని ఒక్కో శబ్దం పంపుతుంది. వినపడితే లోపల వాళ్ళు మీట నొక్కుతారు. బొంగురు శబ్దాల నుంచి సన్న శబ్దాల దాకా అలా నిచ్చెన ఎక్కిస్తుంది. రోజూ మొదటి పేషెంటు రాకముందు ఆ హెడ్‌ఫోన్లు తనే పెట్టుకుని, అన్ని శబ్దాలూ సరిగ్గా వస్తున్నాయో లేదో వినాలి. అది ఆమె పూచీ.

రెండేళ్ళ కిందట ఓ రోజు నిచ్చెన చివరి మెట్టు వినపడలేదు. మిషను చెడిపోయిందనుకుంది. ఊడవడానికి వచ్చిన అమ్మాయిని పిలిచి చెవికి పెట్టింది. "అబ్బ, కీచుమంటోందక్కా!" అని ఆ అమ్మాయి హెడ్‌ఫోన్లు లాగి పారేసింది. ఆ రోజు నుంచి చెవులక్క చివరి మెట్లు చెవితో వినడం మానేసింది. మిషను మీద ముల్లు కదిలితే చాలు, సరే అని రాసేసేది. చెవుల ఆస్పత్రిలో చెవులు పోయిన మనిషికి ఏం పని? ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తెలియక, ఎవరూ అడగకుండా చూసుకుంది.

ఇప్పుడు గుంట గట్టు మీద నిలబడి మాస్టారికి ఫోను చేసింది. గుంపులో మిగతావాళ్ళంతా సముద్రం వైపు పిట్టల్ని చూడ్డానికి వెళ్ళారు, మంచి రికార్డరు కూడా వాళ్ళతోనే పోయింది. మోకాళ్ళ నొప్పుల వల్ల మాస్టారొక్కడే ఊళ్ళో ఉన్నాడు.

"మాస్టారూ, బట్టీ గుంటల్లో సూదిగొంతు దిగింది."

"విన్నావా!" ఆయన గొంతులో పండగ.

"చూశాను. పాడుతుంటే చూశాను."

"చూస్తే ఏం తెలుస్తుందమ్మా? రెండూ ఒకటేగా. పాట ఎలా ఉంది, అది చెప్పు."

ఆమెకి అబద్ధం నాలిక చివరే ఉంది. గాజు మీద సూది గీసినట్టుందంటే చాలు. ఆమె మాట ఆయనకి రాతి మీద గీత. సాయంత్రానికల్లా పని ఆపమని కోరే కాగితం ఆయన సంతకంతో తయారైపోతుంది.

"నాకు వినపడలేదు మాస్టారూ," అంది. "నాలుగు బారల్లో ఉంది. గొంతు చించుకుంటోంది. అయినా వినపడలేదు. రెల్లుపిట్ట అయితే వినపడేది. నాకు సన్న శబ్దాలు పోయాయి."

"ఎప్పటినుంచి?"

"రెండేళ్ళు."

"రెండేళ్ళుగా గుంపు నీ మాట మీద నడుస్తోంది."

"వినపడినవే చెప్పాను. వినపడని పిట్ట పేరు ఒక్కటి కూడా చెప్పలేదు."

"అవి ఉన్నాయో లేవో మాకెలా తెలుస్తుంది మరి? నువ్వు ఊరుకుంటే లేవనుకున్నాం." ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "ఫోన్లో రికార్డు చేసి పంపు. మధ్యాహ్నం నేనూ వెళ్ళి చూస్తాను."

ఆమె రికార్డు చేసింది. మనిషి మాటల కోసం చేసిన ఫోను అది. అంత సన్నని గొంతు దానికీ చిక్కలేదు. పంపు దడదడ తప్ప అందులో ఏమీ లేదు.

మధ్యాహ్నం ఆస్పత్రిలో పేషెంటు పేషెంటుకీ మధ్య ఫోను వైపు చూస్తూనే ఉంది. మాస్టారు చేసేసరికి అద్దాల గది వెనక్కి వెళ్ళి ఎత్తింది.

"కాళ్ళు లాగేదాకా నిలబడ్డానమ్మా. పిట్ట కనపడింది. నోరు కూడా తెరిచింది. నాకేం వినపడలేదు. ఊరికే ఆవులించినట్టుంది."

"మాస్టారూ, మీరేమీ అనుకోకండి. మీ వయసులో ఆ శబ్దం ఎవరికీ..."

"నా చెవులు భేషుగ్గా ఉన్నాయి!" ఆయన అరిచిన అరుపుకి ఆమె ఫోను చెవికి దూరంగా పెట్టుకోవలసి వచ్చింది. "ఒకరికి చెముడొస్తే ఊరందరికీ వచ్చినట్టు కాదు. విననిదాని మీద నేను సంతకం పెట్టను."

పెట్టేశాడు, ఫోను. చెవులక్క గోడకి చేరబడింది. ఆ మాట ఆయన కావాలని అనలేదని తెలుసు. అయినా తగలాల్సిన చోట తగిలింది.

మిగిలింది ఆ రూలు అమలు చూసే ఇన్‌స్పెక్టరమ్మ. ఇలాంటి పనులు ఆపే అధికారం ఆవిడదే. చెవులక్క దాచకుండా అంతా చెప్పాక ఫోన్లో ఆవిడ గొంతు ముక్కుసూటిగా వచ్చింది. "చూడండి, నేను పిట్టల మనిషిని కాదు. రేపు పొద్దున్న మిషన్లు కదలక ముందు అక్కడుంటాను. నా కళ్ళెదుట రుజువు కావాలి. రుజువైతే ఆపుతాను. కాకపోతే వాళ్ళని ఒక్క నిమిషం ఆపే హక్కు కూడా నాకు లేదు."

"చెవులు బాగున్న మనిషిని తీసుకురండి," అని కూడా అంది, మామూలుగా.

సాయంత్రం బస్సు దిగేసరికి మూడు రోజులుగా కమ్మిన మబ్బు విడుతోంది. వీధిలో అందరూ మొహాలు పైకెత్తి, రేపు ఎండ కాస్తుందని సంబరపడుతున్నారు. చెవులక్కకి మాత్రం అది మంచి కబురు కాదు. ఆకాశం తేటపడి, దక్షిణపు గాలి తిరిగితే పిట్ట ఈ రాత్రికే లేచిపోతుంది. వీధి మలుపులో నిలబడి, వేలు తడిచేసి గాలి చూసింది. తిరగలేదు ఇంకా. కానీ తిరిగేలా ఉంది.

ఇంట్లో ముగ్గురు. చెవులక్క, బస్సు డ్రైవరు అయిన ఆమె మొగుడు, ముందుగదిలో ఆయన అక్క. ఈ వదిన పూర్వం టెలిఫోన్ ఎక్స్చేంజీలో ఆపరేటరు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకమ్మా అంటే, "పగలంతా ఊళ్ళో మొగుడూ పెళ్ళాల పోట్లాటలు చెవులారా విన్నాను, ఇంకా నాకెందుకు?" అనేది. గోడలకి చెవులుంటాయంటారు. ఆ ఇంట్లో గోడలకి ఆ అవసరం లేకపోయింది, వదిన ఉంది. పక్కింటివాళ్ళు గుసగుసలాడుకున్నా ఈవిడ ఇటునుంచి జవాబు చెప్పగలదు.

అలాంటి వదిన కిందటేడు చలికాలం నుంచీ చెవులక్కతో మాట మానేసింది. ఏం కావాలన్నా తమ్ముడితోనే. ఎందుకో చెవులక్కకి తెలియదు. ఒకటి రెండు సార్లు అడగబోయి, ఎందుకొచ్చిన గొడవలే అని ఊరుకుంది. ఒకే కప్పు కింద ఇద్దరు ఆడవాళ్ళు, మధ్య బస్సు డ్రైవరు. రోడ్డు మీద ట్రాఫిక్కే నయం అనేవాడు ఆయన.

ఆ పూట ఆయన డ్యూటీలో ఉన్నాడు. చెవులక్క చెప్పులు విప్పి, ముందుగది గుమ్మంలో నిలబడింది. వదిన కిటికీ దగ్గర కూర్చుని స్వెట్టరు అల్లుతోంది, తలెత్తలేదు.

"వదినా, మీతో పనుంది."

సూదులు ఆగలేదు.

"నాకు చెవులు సరిగా వినపడవు. సన్న శబ్దాలు అసలు వినపడవు. రెండేళ్ళయింది. ఎవరికీ చెప్పలేదు. రేపు పొద్దున్న మీరు నాతో బట్టీ గుంటల దగ్గరికి రావాలి. అక్కడో పిట్ట పాడుతోంది. అది మీకు వినపడుతుంది. ఈ ఊళ్ళో ఎవరికైనా వినపడితే మీకే."

ఇప్పుడు సూదులు ఆగాయి. వదిన ఆమె మొహంలోకి చూసింది. చాలా రోజుల తరవాత చూసింది.

"రెండేళ్ళా?"

"అవును."

"అయితే నాకు జ్వరం వచ్చినప్పుడు కూడానా?"

"ఏ జ్వరం?"

"కిందటేడు. నువ్వు గుమ్మం అవతలే బట్టలు మడతపెడుతున్నావు. దాహమేసి పిలిచాను. గొంతు లేవలేదు, సన్నగా పిలిచాను. మళ్ళీ పిలిచాను. నువ్వు చక్కగా చొక్కా మడిచి, దాని మీద ఇంకో చొక్కా పెట్టి, లోపలికెళ్ళిపోయావు."

చెవులక్క గుమ్మం పట్టుకుంది. ఆ చొక్కాలు కూడా ఆమెకి గుర్తు లేవు. గుర్తుండడానికి అక్కడ ఏమీ జరగలేదు, ఆమెకి సంబంధించినంతవరకూ.

"నాకు వినపడలేదు వదినా."

"ఆ మాట ఇప్పుడు చెప్తావా? నీళ్ళియ్యని మనిషివనుకున్నాను. నా ఇంట్లోనే నన్ను వద్దనుకున్నావనుకున్నాను. ఏడాదిగా నిన్ను ఎన్ని తిట్టానో తెలుసా?"

"మనసులోనేగా, పోనీలెండి."

"మనసులో ఎందుకు? పైకే తిట్టాను. నీ వెనకే నిలబడి తిట్టాను. ఎంత తిట్టినా దులుపుకుపోతుంటే, ఆహా ఏం పొగరు అనుకున్నాను!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు వదినకి నవ్వొచ్చింది. చెవులక్కకి ఏడుపొచ్చింది. కాసేపటికి ఎవరికేదో తెలియకుండా పోయింది.

"నా చెవులు అరువు కావాలన్నమాట," అంది వదిన కళ్ళు తుడుచుకుంటూ. "నాకు పిట్టలంటే పడదు. కాకికీ దానికీ తేడా తెలీదు. బురదలో నడిపించావంటే వెనక్కి తిరిగొస్తాను, ముందే చెప్తున్నా."

తెల్లవారుతుండగా బయటికొచ్చిన చెవులక్క మొదట తల పైకెత్తింది. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. గాలి వీపు మీద పడింది. దక్షిణం.

దారి పొడుగునా ఆమె ఆకాశం వైపే చూస్తూ నడిచింది. వదిన మాత్రం బురద గురించి, చలి గురించి, పిట్టలకి పనీపాటా లేకపోవడం గురించి మాట్లాడుతూనే ఉంది.

గుంటల దగ్గర అప్పటికే మనుషులున్నారు. పనికి పెద్ద సూపర్‌వైజరు ఫ్లాస్కులోంచి టీ పోసుకుంటున్నాడు. ఇన్‌స్పెక్టరమ్మ బూట్లు బురదలో దిగబడకుండా రాయి మీద నిలబడింది. కాస్త దూరంలో మాస్టారు, చేతికర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని. చెవులక్కని చూసి తలూపాడు. దగ్గరికి రాలేదు.

"ఎక్కడ మీ పిట్ట?" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

చెవులక్క నిన్నటి రెల్లు వైపు బైనాక్యులర్ ఎత్తింది. కాడలు ఊగుతున్నాయి, గాలికి. ఏ కాడా బరువుకి వంగలేదు. పక్క కాడ, దాని పక్క కాడ, పొద అంచు, నీటి ఒడ్డు చూసింది. ఏమీ లేదు.

"వదినా?"

వదిన తల కాస్త ఒరగేసి, కళ్ళు సగం మూసుకుంది. ఆపరేటరుగా ఎన్నో ఏళ్ళు అలాగే కూర్చుంది కాబోలు. "ఆ చివర ఒకటి గరగరమంటోంది. పాత తలుపులా."

"అది నాకూ వినపడుతోంది. రెల్లుపిట్ట. ఇంకా?"

"ఇంకేం లేదు."

సూపర్‌వైజరు టీ తాగేసి కప్పు దులిపాడు. "అమ్మా, మా డ్రైవర్లొచ్చారు. ఇంజన్లు వేడెక్కించుకోవాలి." అంటుండగానే మొదటి మిషను గుర్రుమంది. రెండోదీ అందుకుంది. నేల అదిరింది. నీటి మీద గీతలు లేచాయి. రెల్లులోంచి ఏవో రెండు పిట్టలు లేచి పొదల్లో పడ్డాయి.

"ఆపమనండి!" చెవులక్క ఇన్‌స్పెక్టరమ్మ దగ్గరికి పరిగెత్తింది. "ఈ మోతలో ఎవరికి వినపడుతుంది?"

"పని టైమయింది వాళ్ళకి."

"మీ కళ్ళెదుట రుజువు కావాలన్నారు. నాకు ఒక్క అవకాశం ఇవ్వండి, తరవాత మీ ఇష్టం."

ఇన్‌స్పెక్టరమ్మ సూపర్‌వైజరు వైపు చూసింది. అతను విసుగ్గా చెయ్యి ఊపాడు. ఇంజన్లు ఆగాయి. ఆగాక వచ్చిన నిశ్శబ్దంలో అందరూ తన వైపే చూస్తున్నారని చెవులక్కకి తెలిసింది. పిట్ట వెళ్ళిపోయి ఉంటే ఇంతమంది ముందు తన చెవిటితనమొక్కటే మిగులుతుంది.

అప్పుడు వదిన గొంతు తగ్గించి అంది, "ఏమ్మాయ్, ఎవరైనా గ్లాసు తుడుస్తున్నారా?"

"ఇక్కడ గ్లాసులెక్కడివి?"

"తడి వేలితో గాజు అంచు రుద్దితే వస్తుందే, అలాంటిదేదో. ఆగింది. ఇదిగో మళ్ళీ. కుడిపక్క, కింద."

చెవులక్క బైనాక్యులర్ కుడికి తిప్పింది. తొందరలో రెల్లంతా అలుక్కుపోయినట్టు కనపడింది. ఊపిరి వదిలి, మోచేతులు ఆనించి, మళ్ళీ చూసింది. నీటికి జానెడు పైన, వంగిన కాడ మీద, మట్టిరంగు పిట్ట. నోరు తెరిచి ఉంది.

"అదిగో!"

అందరూ చూశారు. మాస్టారు కూడా బైనాక్యులర్ ఎత్తాడు. "కనపడుతోంది," అన్నాడు. "కానీ నాకేం వినపడట్లేదు."

"నాకూ లేదు," అన్నాడు సూపర్‌వైజరు. మిషన్ల మధ్య బతికిన మనిషి. "ఈవిడ మీ ఇంటి మనిషేగా? వినపడిందని ఎవరైనా అంటారు."

ఇన్‌స్పెక్టరమ్మ ముఖం ముడుచుకుంది. "నాకేదో లీలగా అనిపించింది కానీ, ఈ పిట్టదేనని నేనెలా రాయను?"

చెవులక్క చుట్టూ చూసింది. ఎవరి మాట ఎవరూ నమ్మనక్కర్లేని దారి ఒకటి ఆమెకి తెలుసు. రోజూ చేసే పనే అది.

"వదినా, మీరు రెల్లుకి వీపు పెట్టి నిలబడండి. వెనక్కి చూడకండి. ఆ గాజు శబ్దం వినపడినంతసేపూ చెయ్యెత్తండి, ఆగగానే దించండి. నేను మాట్లాడను, మిమ్మల్ని చూడను. పిట్ట నోరు తెరిచినంతసేపూ నా చెయ్యెత్తుతాను. మేడమ్, మీరు మా ఇద్దరి చేతులూ చూడండి. మాస్టారూ, మీరు నా పక్కన నిలబడి పిట్టని చూడండి. నేను తప్పు ఎత్తితే చెప్పండి."

వదిన రోడ్డు వైపు తిరిగి నిలబడింది. ఇద్దరి మధ్యా పది అడుగులు, వీపులు ఎదురెదురు. మాస్టారు కర్ర పొడుచుకుంటూ పక్కకొచ్చి నిలబడ్డాడు.

పిట్ట నోరు మూసుకుంది. ఈకలు దులుపుకుంది. కాడ దిగి, మళ్ళీ ఎక్కింది. ఎంతకీ నోరు తెరవదు. చెవులక్క కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, రెప్ప వెయ్యనందుకు. దూరంగా ఆ రెల్లుపిట్ట గరగరలాడింది. వదిన చెయ్యి లేవలేదు. ఎవరో దగ్గారు. ఇంజను మీంచి డ్రైవరు కిందికి దూకిన చప్పుడైంది.

పిట్ట ముక్కు పైకెత్తింది.

చెవులక్క చెయ్యెత్తింది. నోరు మూసింది, దించింది. తెరిచింది, ఎత్తింది. చాలాసేపు ఎత్తే ఉంచింది. దించింది. ఒక చిన్న తునక, ఎత్తి వెంటనే దించింది. వెనక ఏం జరుగుతోందో ఆమెకి తెలియదు. వదిన చెయ్యి లేచిందో లేదో, అసలు ఆవిడకి విసుగొచ్చి వెళ్ళిపోయిందో కూడా తెలియదు. పక్కన మాస్టారి ఊపిరి బరువుగా వినపడుతోంది. ఆయన ఒక్కసారి కూడా తప్పనలేదు.

"చాలు," అంది ఇన్‌స్పెక్టరమ్మ.

చెవులక్క తిరిగి చూసింది. వదిన చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. సూపర్‌వైజరు నోరు తెరుచుకుని ఆ చేతినే చూస్తున్నాడు. వదిన చెయ్యి దించింది. బైనాక్యులర్ కళ్ళకి పెట్టుకుని ఉన్న మాస్టారు, "మూసింది," అన్నాడు మెల్లగా, అదే క్షణంలో.

"ఒక్కసారీ తప్పలేదు," అంది ఇన్‌స్పెక్టరమ్మ. సూపర్‌వైజరు వైపు తిరిగింది. "ఈ గుంట ముట్టుకోకండి. ఆ రెండో గుంట మీద నాకు అభ్యంతరం పెట్టడానికేమీ లేదు."

చెవులక్క రాయి మీద కూలబడింది. సగం గెలిచిందో సగం ఓడిందో తేల్చుకునే లోపలే రెండో గుంట దగ్గర మిషను మళ్ళీ గుర్రుమంది. అక్కడి రెల్లు పడిపోతుంటే చూడలేక ఇద్దరూ ఇంటిదారి పట్టారు. బురద గురించి వదిన మళ్ళీ ఎత్తలేదు.

సూదిగొంతు ఆ గుంటలో వారం పైనే ఉంది. దానికి జత ఎవరూ రాలేదు. ఒక పొద్దున్న వదిన గట్టు మీద చాలాసేపు నిలబడి, లేదు, పోయింది అంది. మిగిలిన గుంటని కంపెనీవాళ్ళు ఆ కాలం గడిచాక కూడా పూడ్చలేదు. గోడౌను ప్లాను తిప్పి కట్టారు. పిట్ట మీద ప్రేమతో కాదు, మళ్ళీ వసంతంలో ఎవరొచ్చి చేతులెత్తుతారో అన్న భయంతో.

ఆస్పత్రిలో మాత్రం అంత తేలిగ్గా తేలలేదు. చెవులక్క ఆ రోజే డాక్టరు గదిలోకి వెళ్ళి చెప్పేసింది. డాక్టరు కుర్రవాడు, నెమ్మదస్తుడు. అంతా విని, "మీ చెవుల గురించి నాకు బాధగా ఉంది. మిషను గురించి భయంగా ఉంది," అన్నాడు. రిపేరు మనిషిని పిలిపించారు. కుడి హెడ్‌ఫోను సన్న శబ్దాల దగ్గర బలహీనపడి ఉంది. ముల్లు కదులుతూనే ఉంది, శబ్దం మాత్రం తక్కువ వస్తోంది. పరీక్ష చేయించుకున్నవాళ్ళని మళ్ళీ పిలవాలి.

ఆ ఫోన్లు చెవులక్కే చేసింది. ఎవరైనా చేస్తారులెండి అని డాక్టరన్నా వినలేదు. చాలామంది, అయ్యో ఫరవాలేదమ్మా, వస్తాం అన్నారు. ఒక వెల్డరు మాత్రం, చెవి పాడైందన్న మాట విని ఇష్టమైన పని వదులుకున్నవాడు, నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆమె ఫోను పెట్టెయ్యలేదు. అతని మాటల్లో కొన్ని అక్షరాలు అందకపోతే, "మళ్ళీ చెప్పండి, సరిగ్గా వినపడలేదు," అని అడిగి మరీ విన్నది. మళ్ళీ పరీక్ష చేస్తే అతని కుడి చెవి కాస్త నయంగానే తేలింది. పాత పనికి వెళ్ళాడు. ఆమెతో మాత్రం మాట్లాడలేదు.

పొద్దున్న మిషను సరిచూసే పని ఇప్పుడు ఊడ్చే అమ్మాయిది. డాక్టరు ఆ అమ్మాయికి పని నేర్పించాడు. పేషెంట్లు మాత్రం చెవులక్క దగ్గరికే. ఆమె రెండు చెవులకీ వినికిడి మిషన్లు పెట్టుకుంది. పెట్టుకున్న రోజు ఇంట్లో కాగితం మడిచినా ఉలిక్కిపడింది. ఫ్రిజ్ సణుగుడు వినపడింది, వదిన సణుగుడూ వినపడింది. "ఇన్ని మాటలంటారా వదినా రోజుకి?" అంటే, "ఇవాళ తక్కువ," అంది వదిన. సూదిగొంతు అంత సన్నని పాటని ఆ మిషన్లు కూడా అందుకోలేవని ఆమెకి తెలుసు. అందుకే పిట్టల కోసం వెళ్ళేటప్పుడు వదిన వెంట వస్తుంది, గొణుక్కుంటూ, కొత్త బూట్లు వేసుకుని.

ఆ ఎండాకాలం చివర మాస్టారు ఆస్పత్రికి వచ్చాడు. ఊరికే అటుగా వెళ్తూ వచ్చానన్నాడు. అద్దాల గది తలుపు తీసి ఉంటే తొంగిచూశాడు. చెవులక్క ఏమీ అడగకుండా ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి మీట ఇచ్చింది.

బొంగురు శబ్దాలకి ఆయన టకటకా నొక్కాడు. నిచ్చెన ఎక్కుతున్నకొద్దీ నొక్కడం నెమ్మదించింది. తరవాత మళ్ళీ హుషారు పుంజుకుంది. ఆమె మిషను మీంచి చేతులు తీసేసి ఒళ్ళో పెట్టుకుంది. మాస్టారు నొక్కాడు. కాసేపాగి ఇంకోసారి నొక్కాడు. అద్దంలోంచి ఆమె ఖాళీ చేతులు పైకెత్తి చూపించింది.

ఆయన ఆ చేతుల్ని చూస్తూ ఉండిపోయాడు. హెడ్‌ఫోన్లు తీసి, తలుపు తెరుచుకుని బయటికొచ్చి, ఆమె పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"నువ్వు పెట్టుకున్నది ఏ రకం?" అన్నాడు.

ఆమె జుట్టు పక్కకి తీసి, చెవి ఆయన వైపు తిప్పింది.